అంటువ్యాధి కాలమున ప్రకటనలు – ఇరుగుపొరుగు ధర్మము

(పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన మహాసభలలో నూలు ధరలు, సహకార సంఘముల ఋణములు, విద్యార్థి వసతిగృహములు, వివాహవ్యయములు మున్నగు విషయములు ప్రతివత్సరము చర్చకు వచ్చుచుండును. అవి యన్నియు ముఖ్యములే. ఈ యేడు అంటువ్యాధుల కాలమున స్థానిక ప్రభుత్వములు చేయు ప్రకటనలను గూర్చియు, అవి చూపు సహాయములను గూర్చియు మాటలాడుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. ఆ మహమ్మారి గతించినది గదా, ఇప్పుడీ ప్రసంగమేల యని కొందఱు తలంపవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2023 మే 5వ తేదీన కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించిన మాట నిజమే. కాని యిల్లు కాలుచున్నప్పుడు బావి త్రవ్వబోవుట మన పెద్దలు పరిహసించిన పని. వ్యాధి లేని దినములలోనే దానికి తగిన యేర్పాటు చేసికొనవలెను. మఱియు నేటి సాయంకాలము సభవారి యెదుటికి ఒక తీర్మానము రానున్నది. దానిని బలపఱచుటయే నా యుపన్యాసమునకు ప్రయోజనము.

అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రభుత్వము ప్రజలకు చెప్పవలసిన విషయములు నాలుగు విధములు. వ్యాధి యెచ్చట నున్నదనుట మొదటిది. దానినుండి తప్పించుకొనుటకు ఏమి చేయవలె, ఏమి మానవలె ననుట రెండవది. జబ్బుపడినవాడు ఎక్కడికి పోవలె, ఎవరిని పిలువవలె ననుట మూడవది. పని పోయినవానికి, దిక్కు కోల్పోయినవానికి రావలసిన సహాయ మేది, దాని నెట్లు పొందవలె ననుట నాలుగవది. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను తక్కిన మూడును కుంటువడును. ఇంటినుండి వెలుపలికి రావలదని చెప్పి, బియ్య మెక్కడ దొరకునో చెప్పని ప్రకటనను ఆకలిగొన్నవాడు పాటింపజాలడు.

చరిత్ర యిందుకు సాక్ష్యమిచ్చుచున్నది. 1896లో బొంబాయి నగరమున మహామారి, అనగా ప్లేగు, పొడసూపెను. తెలుగుదేశమునుండి కూలికి వలసపోయిన జనులు పెక్కు రా నగరమున నుండిరి. 1897 ఫిబ్రవరిలో ప్రభుత్వమువారు అంటువ్యాధుల చట్టమును చేసిరి. నాలుగు సెక్షన్ల చిన్న చట్టమది. దానివలన అధికారులకు లభించిన బలము మిక్కిలి గొప్పది. ప్రజలకు విషయమును తెలియజెప్పవలె నను విధి మాత్ర మందులో లేదు. పూనాలో సిపాయీలు ఇండ్లలో జొరబడి రోగులను వెదకిరి. వంటయిల్లనక, దేవునిగది యనక సోదాలు జరిగెను. జనులు రోగమునకంటె సోదాకే యెక్కువ భయపడి రోగులను దాచిరి. ఆ యేడు జూన్ 22వ తేదీన ప్లేగు కార్యములను నడపిన రాండ్ అను దొర తుపాకి దెబ్బ తిని, తరువాత మరణించెను. నయమున చెప్పి చేయింపదగిన పనిని బలముచేత చేయింపబూనిన దాని ఫల మట్లుండెను.

పిమ్మట 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వచ్చెను. మన దేశమున కోటికి మించిన జనులు దానిచేత మృతినొందిరి. 1911 నుండి 1921 వఱకు గల దశాబ్దమున దేశ జనసంఖ్య పెరుగుటకు మాఱు తగ్గెను. గత శతాబ్దమున అట్లు జరిగిన దశాబ్ద మదియొక్కటే. ఈ యనుభవములు కొంత బుద్ధి గఱపినవి. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండగా 1939లో అచ్చట ప్రజారోగ్యచట్టము పుట్టినది. అంటువ్యాధుల పనిలో స్థానిక సంస్థలకు అది స్పష్టమైన బాధ్యత నొసగెను. స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగమునకు జరిగిన 73, 74 సవరణములు 1993లో అమలులోనికి వచ్చినవి. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు చేరియున్నవి. పురపాలక సంఘముల 18 విషయములలో ప్రజారోగ్యము చేరియున్నది. కావున వ్యాధికాలమున మనతో మాటలాడవలసిన మొదటి ప్రభుత్వము మన గ్రామపంచాయతీయే, మన పురపాలక సంఘమే.

ఇతర దేశములలో నిది యెట్లు నడచినదో ఒక యుదాహరణము చెప్పెదను. అమెరికా దేశమున మన జిల్లావంటి పాలనాభాగమును కౌంటీ యందురు. కాలిఫోర్నియా రాష్ట్రమునందలి శాంటా క్లారా, అలమీడా కౌంటీలలో తెలుగువారు పెక్కురు నివసించుచున్నారు. మన సభ్యుల బిడ్డలును అం దున్నారు. 2020 మార్చి 16వ తేదీన ఆ రెండు కౌంటీలును, పొరుగున నున్న మఱి నాలుగు కౌంటీలును, బర్క్‌లీ నగరమును కలిసి, జనులు ఇండ్లయందే యుండవలెనని ఆజ్ఞ వెలువరించినవి. ఆ దేశమున అట్టి ఆజ్ఞలలో అది మొదటిది. మూడు దినముల తరువాత గాని రాష్ట్ర ప్రభుత్వ మట్టి యాజ్ఞ చేయలేదు. ఆజ్ఞపై సంతకము చేసినవారు ఆయా కౌంటీల ఆరోగ్యాధికారులు. శాంటా క్లారాలో ప్రకటనలు ఆంగ్లముననే గాక స్పానిష్, వియత్నామీ, చీనా భాషలలోను వెలువడినవి. దీనివలన మనము గ్రహింపవలసినది రెండు మాటలు. ప్రకటన చేసిన యధికారి యెవడో జనులకు తెలిసియుండవలెను. ప్రకటన జనుల యింటిభాషలో నుండవలెను.

ఇక మన దేశపు సంగతి. కోవిడ్ కాలమున మన రెండు రాష్ట్రములలో జరిగిన మంచిని ముందుగా చెప్పుట న్యాయము. ఆంధ్రప్రదేశమున నాడు సుమారు ఏబది యిండ్లకొక వాలంటీరు చొప్పున ఏర్పాటుండెను. వారు గడపగడపకు పోయి, విదేశములనుండి వచ్చినవా రెవరో, జ్వరము కలవా రెవరో విచారించిరి. 104 సంఖ్యకు ఫోను చేసిన యెడల పరీక్షకును, ఆసుపత్రి పడకకును దారి చెప్పుచుండిరి. కోవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చిరి. 2020 ఏప్రిల్‌లో బియ్యపు కార్డుగల కుటుంబమునకు వేయి రూపాయలిచ్చిరి. తెలంగాణమున కార్డునకు 1,500 రూపాయలును, మనిషికి 12 కిలోల బియ్యమును ఇచ్చిరి. 2021 మే మాసమున అచ్చట ఆశా కార్యకర్తలు ఇంటింటికి తిరిగి జ్వరపీడితులను గుర్తించి మందుల సంచుల నిచ్చిరి. ఆ స్త్రీలు తమ ప్రాణమును లెక్కింపక చేసిన సేవకు ఈ సభ నమస్కరించుట ధర్మము.

కాని చెప్పినదంతయు చేరినదా? 2021 మే 1వ తేదీనుండి పదునెనిమిదేండ్లు దాటినవారందఱికి టీకా వేయుదుమనిరి. నలుబదియైదేండ్ల లోపువారు దానికై ముందుగా కోవిన్ అను అంతర్జాల ద్వారమున పేరు నమోదు చేసికొనవలసి వచ్చెను. మొదట దానిలో తెలుగు లేదు. సెల్‌ఫోను లేనివాని మాట యటుంచి, ఫోనుండియు ఆంగ్లము రాని నేతకానికి ఆ ద్వారము మూసిన తలుపే. సుప్రీంకోర్టువారు ఆ యేడు మే 31వ తేదీ యుత్తరువులో ఈ లోపమును ఎత్తిచూపిరి. జూన్‌లో తెలుగు మొదలగు భాషలు చేర్చబడినవి. ఆ నడుమ గడచిన దినములు రెండవ యుధృతి యింకను తగ్గని దినములని మీరెఱుగుదురు.

మఱియొకటి వినుడు. వ్యాధి సోకినవాడు ఇంటిలోనే ప్రత్యేకమైన గదిలో నుండవలెనని ప్రకటనలు చెప్పినవి. మాట మంచిదే. మన వీధులలో గదు లెన్ని? గుంటమగ్గ మున్న గదిలోనే పడక, పడుగు సాగదీయుట వీధిలో, ఆసుపోయుట అరుగుమీద. అయిదుగురు మెలగు రెండు గదుల యింట రోగి కొక గదిని విడుచుట యనగా మగ్గము నాపుట. మగ్గ మాగిన నాడు పొయ్యి యాగును. ప్రకటన వ్రాసినవానికి ఈ యిల్లు తెలియదు. అది తెలిసినవారము మనము.

ఇప్పుడు చెప్పబోవు విషయము మిక్కిలి దుఃఖకరమైనది. అయినను దాటి పోగూడదు. కేంద్ర ఆరోగ్యశాఖవారు 2020 మార్చి 15వ తేదీననే, అనగా దేశమంతట లాక్‌డౌన్ విధించుటకు పది దినములకు పూర్వమే, కోవిడ్‌చేత మృతినొందినవారి దేహముల విషయమున సూచనలు వెలువరించిరి. దేహమును కడుగుట, కౌగిలించుకొనుట కూడదనిరి. సంచి కొంత తెఱచి ముఖమును చూపవచ్చుననిరి. మంత్రములు చదువుట, పవిత్రజలము చల్లుట మొదలుగా దేహమును తాకనక్కఱలేని కర్మల నన్నిటిని చేయవచ్చుననిరి. చితాభస్మమువలన ప్రమాదము లేదనియు, దానిని సంగ్రహింపవచ్చుననియు స్పష్టముగ వ్రాసిరి. ఈ సూచన మన గ్రామములలో ఎందఱికి తెలిసినది? తెలియకపోవుటచేత కుమారులు తండ్రి ముఖమును చూడక వెనుదిరిగిరి. అస్థిసంచయనమునకు భయపడి యెందఱో బూడిదను శ్మశానమునందే విడిచిపోయిరి. ఆ యేడు ఏప్రిల్‌లో చెన్నపట్టణమున, రోగులకు చికిత్స చేసి తాను మరణించిన వైద్యుని దేహమును పాతిపెట్టబోగా జనులు రాళ్ళు రువ్విరి. సూచన వెలువడి నాటికి నెల దాటియుండెను. రాళ్ళు రువ్వినవారు క్రూరులని యొక్కమాట చెప్పి తృప్తిపడరాదు. వారికి సత్యము చేరలేదు, భయము చేరినది.

శాస్త్ర మీ విషయమున కఠినమైనది కాదు. ఆపత్కాలమునకు వేఱు ధర్మము కలదని మన స్మృతికర్తలందఱు నంగీకరించిరి. దేహమే లభింపని యెడల దర్భలతోను మోదుగాకులతోను ప్రతికృతిని గావించి సంస్కరించు విధి యున్నది. కావున దూరమునుండి మంత్రము చెప్పించినను, కొన్ని దినముల తరువాత కర్మ జరిపినను లోపము లేదు. ధైర్యము చెప్పవలసిన సమయమున మన పురోహితులును, పెద్దలును ఈ మాట చెప్పవలెను. మృత్యువు నెదిరించిన మార్కండేయ మహర్షి వంశమువారమని చెప్పుకొను మనము శవమునకు భయపడి పాఱిపోవుట తగునా?

సహాయముల విషయ మిట్టిదే. మృతుల యంత్యక్రియలకు 15,000 రూపాయలిత్తుమని ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 2020లో ప్రకటించిరి. 2021 జూన్ 30వ తేదీన సుప్రీంకోర్టువారు మృతుల కుటుంబములకు సహాయమీయవలెనని తీర్పు చెప్పగా, మృతున కొక్కనికి 50,000 రూపాయలని ఆ సెప్టెంబరులో నిర్ణయించిరి. తరువాత గడువులు వచ్చినవి. 2022 మార్చి 20కి పూర్వము జరిగిన మరణములకు అఱువది దినములలోగాను, తరువాతి మరణములకు తొంబది దినములలోగాను దరఖాస్తు చేయవలెనని న్యాయస్థానమువారు ఆ మార్చి 24వ తేదీన నిర్ణయించిరి. తల్లిదండ్రుల నిద్దఱిని కోల్పోయిన బిడ్డల కొఱకు 2021 మేలో కేంద్రమువారు పది లక్షల రూపాయల నిధిని ప్రకటించిరి. దానికిని గడువుండెను. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశమున సొంత మగ్గముగల నేతకుటుంబమునకు నేతన్న నేస్తమను పేర 24,000 రూపాయలు ముందుగానే యిచ్చిరి. ఈ సహాయములన్నిటికి కావలసినవి కాగితములు. మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెనని 1969 చట్టము క్రింది నియమములు చెప్పుచున్నవి. ఆ ధ్రువపత్రము లేనిదే తక్కిన దేదియు కదలదు. ఏడ్చుచున్న యింటివారి కా సంగతి యెవరు గుర్తుచేయుదురు? ఏడ్పు వినబడునంత దగ్గఱలో నున్నవారే చేయవలెను.

ఇదియే నేను మనవిచేయదలచిన ముఖ్యవిషయము. ప్రకటన కచేరీ గోడపై అంటించినంతమాత్రమున పూర్తికాదు. చివరి యింటివానికి అర్థమై, అతడు లేచి పోవలసిన చోటికి పోయిననాడు పూర్తియగును. పూర్వము టముకు వేయువాడు వీధి మొగను నిలిచి చాటగా, చెవిటి ముసలమ్మకు పొరుగింటి కోడలు మఱల చెప్పెడిది. చాటింపు ప్రభుత్వపు పని. మఱల చెప్పుట ఇరుగుపొరుగు పని. పడుగెంత నిడివిగా నున్నను పేక లేనిదే బట్ట కాదని మనకు వేఱుగా చెప్పనక్కఱ లేదు. ప్రభుత్వముల యేర్పాటులు మాఱుచుండును. వంశపారంపర్య గ్రామోద్యోగములు 1984లో పోయినవి. వాలంటీర్ల పద్ధతి 2019లో వచ్చి 2024 తరువాత నిలిచిపోయినది. పొరుగిల్లు మాత్రము ఎప్పుడు నుండును.

ఇక తీర్మానమునందలి యంశములను వివరించెదను.

మొదటిది: ప్రతి నేతవీధికి ఒక పురుషుని, ఒక స్త్రీని చదువరులుగా నియమింపవలెను. వ్యాధికాలమున పంచాయతీ, పురపాలక సంఘము, జిల్లా కలెక్టరు కచేరీ, ఆరోగ్యకేంద్రము వెలువరించు ప్రకటనలను వారు తెచ్చి, ప్రతి సాయంకాలము బిగ్గఱగా చదివి, అర్థము చెప్పవలెను. స్త్రీ యేల యందురా? ఇంటిలో జ్వరము సంగతి మొదట తెలియునది స్త్రీకే. ఆమె మగవానితో చెప్పనిది ఆడుదానితో చెప్పును.

రెండవది: సంతకము, తేదీ, కచేరీ పేరు లేని ఏ వార్తను మన సంఘపు వాట్సాపులందు పంపరాదు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్టణమున ఒక మందుకొఱకు వేలాదిజనులు ఒకచో గుమిగూడిరి. మందు గుణ మెట్టిదైనను, అట్టి గుంపు అంటువ్యాధికి అనుకూలమని యెల్లరు నెఱుగుదురు. ఆశ మంచిదే, దానికి దారి చూపువాడు కావలెను.

మూడవది: రోగియున్న యింటికి గుర్తు పెట్టుట, పేరు చాటుట మన వలన జరుగరాదు. అధికారుల ప్రత్యేకాజ్ఞ లేనిదే కోవిడ్ రోగుల యిండ్లకు కాగితము లంటింపరాదని సుప్రీంకోర్టువారు 2020 డిసెంబరులో చెప్పిరి. వెలివేయుదురను భయ మున్నచోట రోగము దాగును. పూనా చెప్పిన పాఠ మిదియే.

నాలుగవది: షోలాపురము, భివండి, సూరతు నగరములలో మన సోదరు లెందఱో మగ్గములపై జీవించుచున్నారు. అచ్చటి ప్రకటనలు మరాఠీలోను గుజరాతీలోను వెలువడును. ఆయా నగరములందలి మనవారిలో చదువుకొన్నవారు వానిని తెలుగున చెప్పి, తక్కినవారికి చేర్చు బాధ్యతను వహింపవలెను.

అయిదవది: మరణము సంభవించిన యింటికి ఇద్దఱు పోయి, అంత్యక్రియలు జరిపించి, ధ్రువపత్రము, దరఖాస్తులు, గడువులు చూచుకొనవలెను.

ఆఱవ యంశమునకు కార్యవర్గమునందే ఆక్షేపణ వచ్చినదని వింటిని. వ్యాధికాలమున మన సత్రములను, వసతిగృహములను పంచాయతీకిగాని పురపాలక సంఘమునకుగాని అప్పగించి, ఇంటిలో వేఱు గది లేని రోగులకు, ఏ కులమువారికైనను, వసతి కల్పింపవలెననుట ఆ యంశము. మన చందాలతో కట్టిన గదులను పరులకేల యీయవలె ననునది యాక్షేపణ. పెద్దలయెడ గౌరవముతోనే సమాధానము చెప్పుచున్నాను. మన వీధి కొళాయిలో నీరు పట్టుకొనువారు మనవారు మాత్రమేనా? మనము నేసిన చీరను కట్టుకొనువారు, మనకు నూలు తెచ్చువారు, మన బిడ్డలకు టీకా వేయు దాది, మన వీధి నూడ్చు పారిశుద్ధ్యపు పనివాడు – వీరిలో మన కులమువా రెందఱు? 2020లో చీపురుతో, బ్లీచింగు పొడితో మన గుమ్మము ముందుకు వచ్చినవాని కులమును మన మడుగలేదు. అతడు జ్వరపడిననాడు మన సత్రపు వాకిట నిలువబెట్టి అడుగుట న్యాయమా? పొరుగువాని జ్వరము మన గోడవద్ద ఆగదు. పుణ్యమునకై తెఱువకున్నను, ఆత్మరక్షణకైనను ఆ తలుపు తెఱువవలెను. కులసంఘము తనవారికి మేలుచేయుటకు పుట్టినదను మాట సత్యము. ఊరంతయు బాగుండక తనవారు బాగుండరను మాట అంతకంటె సత్యము.

ఇది ప్రభుత్వపు బాధ్యతను మన నెత్తిన వేసికొనుట యని కొందఱందురు. అట్లు కాదు. చదువరు లున్న వీధివారు ప్రకటన రాని దినమున కచేరీకి పోయి యేల రాలేదని యడుగుదురు. తెలుగున లేనిచో తెలుగున నిమ్మని యడుగుదురు. ఆసుపత్రిలో పడకలెన్నియో చెప్పుమని యడుగుదురు. తెలంగాణ ఉన్నత న్యాయస్థానమువారు 2020లో రోజువారీ ప్రకటనలలో వివరములు పూర్తిగ నుండవలెనని ప్రభుత్వమును పలుమాఱు హెచ్చరించిరి. న్యాయమూర్తు లడిగిన దానిని పౌరులును అడుగవచ్చును. వినువా రున్నచోటనే చెప్పువాడు శ్రద్ధగా చెప్పును.

దేశమున కోవిడ్‌చేత మరణించినట్లు ప్రభుత్వపు లెక్కలో చేరినవారు 5 లక్షల 33 వేలకు మించియున్నారు. లెక్కలో చేరనివారిని వారి యిండ్లు లెక్కించుకొనుచున్నవి. వారిలో మన వీధులవారును కలరు. వారిని మఱల తేజాలము. వారికి చేరవలసి చేరని మాట రేపు మఱియొకరికి చేరునట్లు చేయుట మన చేతిలోని పని. సభవారు ఈ తీర్మానమును, ముఖ్యముగా ఆఱవ యంశమును, ఏకగ్రీవముగా నామోదింతురు గాక యని వేడుకొనుచున్నాను.